పాల రిజిస్టరు తెరవండి, డీబీఎంఎస్ అందులోనే ఉంది

ప్రశ్న: మా ఊళ్లో పాల కేంద్రం నడుపుతాను. మా అమ్మాయి బీకామ్ కంప్యూటర్ అప్లికేషన్స్ చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. మూడు వారాల్లో డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) పరీక్ష. కీలు, నార్మల్ ఫారాలు ఎంత బట్టీ పట్టినా మర్నాటికి మర్చిపోతున్నానని టెన్షన్ పడుతోంది. టౌన్‌లో కోచింగ్ పెట్టించమంటారా? నాకు కంప్యూటర్ రాదు. ఇంట్లో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: కోచింగ్‌కు ఇప్పుడు డబ్బు పెట్టకండి. రోజూ టౌన్‌కు వెళ్లి రావడానికే సగం పూట పోతుంది. అమ్మాయికి కావాల్సిన ఉదాహరణ మీ బల్ల మీదే ఉంది, మీ పాల రిజిస్టరు. కంప్యూటర్ రాకపోయినా, రిలేషనల్ డేటాబేస్ (సమాచారాన్ని టేబుళ్లుగా దాచే పద్ధతి) ఏ ఇబ్బంది తీర్చడానికి వచ్చిందో మీకు ఆమెకన్నా బాగా తెలుసు. ఆ ఇబ్బంది రోజూ పడుతున్నది మీరే.

ఈ రాత్రి ఇద్దరూ కూర్చుని పెద్ద కాగితం మీద ఒక్కటే టేబుల్ గీయండి. తేదీ, పూట, రైతు నంబరు, పేరు, ఊరు, పాల రకం, లీటర్లు, ఫ్యాట్, రేటు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, బ్యాంకు, బ్రాంచి. ఓ పది వరుసలు నింపండి. ఒక గడిలో ఒకే విలువ ఉండాలి. ‘ఆవు 3, గేదె 4’ అని ఒకే గడిలో ఇరికించకూడదు. నార్మల్ ఫారాలంటే టేబుల్ చిక్కుల్లేకుండా ఉండడానికి పాటించాల్సిన మెట్లు. మొదటి నార్మల్ ఫారం అడిగేది అదే.

తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ఒక వరుసను ఇంకో వరుసతో పొరబడకుండా గుర్తుపట్టాలంటే ఏ కాలమ్‌లు చూడాలి? పేరు అంటుందేమో. మీ దగ్గర ఇద్దరు వెంకటేశ్వర్లు పాలు పోస్తుంటే ఏం చేస్తావని అడగండి. రైతు నంబరు అంటుంది. ఆ రైతు రోజూ వస్తాడు, రెండు పూటలా వస్తాడు. అంటే నంబరు, తేదీ, పూట మూడూ కలవాలి. అక్కడితో ఆగకండి. ఒకే రైతు ఒకే పూట ఆవు పాలు, గేదె పాలు రెండూ తెస్తే? రెండూ విడిగా కొలుస్తారు, ఫ్యాట్ వేరు, రేటు వేరు. కాబట్టి పాల రకం కూడా చేరాలి. ఈ నాలుగూ కలిసి ప్రైమరీ కీ, అంటే వరుసను గుర్తుపట్టించే కాలమ్‌లు. ఒకటికన్నా ఎక్కువ కాలమ్‌లు కలిస్తే దాన్ని కాంపోజిట్ కీ అంటారు. మీరు రాసిన పది వరుసల్లో రెండు రకాలూ తెచ్చిన రైతు ఒక్కడూ లేకపోయినా సరే, కీలో పాల రకం ఉండాల్సిందే. ఎందుకంటే కీని నిర్ణయించేది కేంద్రం నడిచే పద్ధతి. కళ్ల ముందున్న నాలుగు వరుసల్ని చూసి కీ చెప్పేసేవాళ్లు చాలామంది, మార్కులు పోయేది అక్కడే.

ఇప్పుడు ఆ టేబుల్‌తో వచ్చే చిక్కులు మీరే చెప్పండి. ఒక రైతు బ్యాంకు ఖాతా మార్చుకుంటే అతని పేరున్న ప్రతి వరుసా దిద్దాలి. ఒకటి మిగిలిపోతే డబ్బు పాత ఖాతాకు పోతుంది. కొత్త రైతు చేరాడు కానీ ఇంకా పాలు పోయలేదు, తేదీ, పూట లేకుండా అతన్ని ఎక్కడ రాయాలి? ఒక్కసారే పాలు పోసిన రైతు వరుస కొట్టేస్తే అతని ఖాతా వివరాలూ పోతాయి. పుస్తకంలో వీటిని అప్‌డేట్, ఇన్సర్ట్, డిలీట్ అనామలీలు అంటారు. అమ్మాయి ఈ మూడు పేర్లూ బట్టీ పట్టే ఉంటుంది. మీ నోటి నుంచి ఈ మూడు కష్టాలూ వింటే ఇక మర్చిపోదు.

పేరు, ఊరు, ఖాతా నంబరు తెలియడానికి తేదీతో పనేముంది? రైతు నంబరు ఒక్కటి చాలు. అంటే అవి కీ మొత్తం మీద కాక, కీలో ఒక ముక్క మీదే ఆధారపడ్డాయి. రెండో నార్మల్ ఫారం ఒప్పుకోనిది ఇదే. అందుకే రైతుల టేబుల్ వేరు చేస్తాం. ఇక బ్యాంకు, బ్రాంచి చూడండి. 11 అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో మొదటి 4 బ్యాంకును, చివరి 6 బ్రాంచిని చెబుతాయి, మధ్యలో సున్నా. రైతు నంబరు తెలిస్తే కోడ్ తెలుస్తుంది, కోడ్ తెలిస్తే బ్రాంచి తెలుస్తుంది. ఇలా మధ్యవర్తి ద్వారా వచ్చే ఆధారాన్ని తీసేయడమే మూడో నార్మల్ ఫారం. కోడ్, బ్యాంకు, బ్రాంచి ఇంకో టేబుల్ అవుతాయి. చివరికి మూడు టేబుళ్లు తేలాయి. పాల టేబుల్‌లో మిగిలిన రైతు నంబరు ఫారిన్ కీ, అంటే ఇంకో టేబుల్ కీని చూపించే కాలమ్. రైతుల టేబుల్‌లో లేని నంబరు మీద పాలు రాయడానికి అది ఒప్పుకోదు. పరీక్షలో నార్మలైజేషన్ (ఇలా టేబుళ్లు విడగొట్టడం) ప్రశ్న వస్తే నిర్వచనంతో ఆగకుండా ముందు టేబుల్, తర్వాత టేబుళ్లు రెండూ గీసి చూపించమనండి.

ఒక మాట తప్పక చెప్పండి. టేబుళ్ల మధ్య సంబంధాలుంటాయి కాబట్టి రిలేషనల్ అన్నారని చాలామంది రాస్తారు. అది పొరపాటు. గణితంలో రిలేషన్ అనే మాట ఉంది, ఇక్కడ టేబులే ఆ రిలేషన్. ఎడ్గార్ కాడ్ 1970లో ఐబీఎంలో పనిచేస్తూ ఈ పద్ధతి ప్రతిపాదించాడు. 1981లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. వైవాలో అడిగితే ఇంత చాలు.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. దానికి మీ పదిహేను రోజుల బిల్లే సరైన అభ్యాసం. రైతువారీగా లీటర్లు కూడాలంటే గ్రూప్ బై. గేదె పాలు మాత్రమే లెక్కలోకి రావాలంటే వేర్, అది కూడకముందే వరుసల్ని వడగడుతుంది. మొత్తం 100 లీటర్లు దాటినవాళ్లే కావాలంటే హావింగ్, అది కూడాక వడగడుతుంది. ఈ పదిహేను రోజుల్లో అసలు పాలు పోయని రైతులెవరో తెలియాలంటే రెండు టేబుళ్లను కలపాలి, దాన్నే జాయిన్ అంటారు. ఇన్నర్ జాయిన్ పనికిరాదు, వాళ్లను వదిలేస్తుంది. రైతుల టేబుల్‌ను ఎడమవైపు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేసి, పాల వివరాలు ఖాళీగా వచ్చినవాళ్లను ఏరుకోవాలి.

నల్, అంటే ఖాళీ గడి, దాని సంగతి అమ్మాయికి మీరే బాగా చెప్పగలరు. ఒక పూట ఫ్యాట్ మిషన్ పనిచేయలేదు. ఆ గడిలో 0 రాస్తారా, ఖాళీ వదులుతారా? 0 రాస్తే రైతు సగటు పడిపోతుంది. 6, ఖాళీ, 7 ఉంటే ఎస్‌క్యూఎల్ సగటు 6.5 చెబుతుంది, ఖాళీని లెక్కలోకి తీసుకోదు. ఖాళీ బదులు 0 ఉంటే 4.33 వస్తుంది. నల్ అంటే తెలియదు అని అర్థం. అందుకే ‘ఈక్వల్ టు నల్’ అని వెతికితే ఒక్క వరుసా రాదు, ‘ఈజ్ నల్’ అనాలి. కౌంట్ స్టార్ వరుసలన్నీ లెక్కిస్తుంది, బ్రాకెట్‌లో ఫ్యాట్ కాలమ్ పెడితే ఖాళీ గడుల్ని వదిలేస్తుంది. చిన్న ప్రశ్నల్లో ఇవి తరచుగా వస్తాయి.

డిలీట్, ట్రంకేట్, డ్రాప్ అనే తొలగించే కమాండ్ల మధ్య తేడా, లావాదేవీలు నమ్మకంగా జరగడానికి కావాల్సిన ఏసిడ్ గుణాలు ఒక సాయంత్రంలో అయిపోతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అయితే అందులో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రాగ్మా కమాండ్‌తో ఆన్ చేయాలి. లేకపోతే తప్పు నంబరూ ఎక్కేస్తుంది, అమ్మాయి తనకే అర్థం కాలేదనుకుని కంగారుపడుతుంది. ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్ చాలు. క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో రాసే ప్రశ్న) ముందు కాగితం మీద రాసి, జవాబు ఎంత రావాలో చేత్తో లెక్కగట్టి, ఆ తర్వాతే మిషన్ మీద సరిచూసుకోమనండి.

తెలుగు మీడియం గురించి దిగులు వద్దు. విషయం తెలుగులో అర్థం చేసుకుని, ప్రతి పదానికి తన సొంత ఇంగ్లిష్‌లో రెండు చిన్న వాక్యాలు రాసుకోవాలి, పక్కనే పాల కేంద్రం ఉదాహరణ ఒకటి. రోజుకు నాలుగు పదాలు రాసినా పరీక్షకు ముందే అన్నీ అయిపోతాయి. రేపు అకౌంట్స్ ఉద్యోగంలో రిపోర్టులు తీసినా, ఎంసీఏకు వెళ్లినా ఇవే టేబుళ్లు, ఇవే జాయిన్లు మళ్లీ ఎదురవుతాయి. కాబట్టి ఈ మూడు వారాల కష్టం ఒక్క పేపరుతో అయిపోదు.

ఒక్క జాగ్రత్త. ఈ ఉదాహరణను ల్యాబ్ రికార్డులో రాసేటప్పుడు మీ రైతుల అసలు పేర్లు, ఖాతా నంబర్లు వాడనివ్వకండి. ఊహించి రాసిన పేర్లు, నంబర్లు పెట్టమనండి. వాళ్లు ఆ వివరాలు మిమ్మల్ని నమ్మి ఇచ్చారు.