కమ్యూనిటీ రేడియోకి పాటలు చట్టప్రకారం ఎక్కడ దొరుకుతాయి? మా డెల్టా అనుభవం

అమలాపురం దగ్గర మీ కాలేజీలో కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల ఊళ్ళ కోసం నడిపే చిన్న ఎఫ్‌ఎమ్ స్టేషన్) పెడుతున్నామని, కాపీరైట్ గొడవ రాకుండా పాటలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పమని అడిగారు. నేను భీమవరం వైపు అలాంటి స్టేషన్‌లోనే పాటల విభాగం చూస్తానండి. ఉన్నమాట ముందే చెప్పేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా సినిమా పాటలతోనే నడుపుదాం అనుకుంటే డబ్బూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే. మన చుట్టుపక్కల పాడేవాళ్ళని పిలిచి రికార్డు చేసుకుని, కాగితం మీద అనుమతి రాయించుకుని, మీ స్టేషన్‌కంటూ సొంత పాటలు కూడబెట్టుకోండి. సినిమా పాటలు మీరు లైసెన్సు కట్టగలిగినన్ని పెట్టుకుంటే చాలు. ఎలాగూ కమ్యూనిటీ రేడియో నిబంధనల ప్రకారం కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి.

ఒక పాట అంటే ఒక హక్కు కాదు. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, రికార్డింగు ఇంకొకరిది (మామూలుగా ఆడియో కంపెనీది), పాడినవాళ్ళకి మళ్ళీ విడిగా హక్కులుంటాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే. "పాత పాటే కదా, ఫ్రీ అయిపోయి ఉంటుంది" అంటారు. మన చట్టంలో రికార్డింగుకి విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది, అంటే 1964లోనో అంతకుముందో వచ్చిన రికార్డులకి ఆ గడువు 2024 ఆఖరుకల్లా తీరిపోయింది. కానీ సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు, రాసినవారో బాణీ కట్టినవారో పోయాక 60 ఏళ్ళు. ఘంటసాల గారు 1974లో పోయారు కాబట్టి ఆయన కట్టిన బాణీలకి 2034 ఆఖరు వరకు హక్కులుంటాయి, రికార్డు ఎంత పాతదైనా సరే. రాసినాయన ఎప్పుడు పోయారో అది మళ్ళీ విడిగా చూసుకోవాలి.

అన్నమయ్య కీర్తనల దగ్గర ఇంకో మెలిక ఉంది. సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఇప్పుడు మనం వింటున్న బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో విద్వాంసులు కట్టినవి, వాటికి హక్కులుంటాయి. త్యాగరాజు గారు 1847లో పోయారు, కాబట్టి ఆ కృతులతో ఈ ఇబ్బంది లేదు. అయితే మార్కెట్లో దొరికే కచేరీ రికార్డింగు మాత్రం ఆ కంపెనీదే. మీ ఊళ్ళో సంగీతం నేర్పే మేష్టారి చేతో, టీచరమ్మ చేతో పాడించుకుంటే ఆ రికార్డింగు మీదవుతుంది. మేం పొద్దుటిపూట భక్తి కార్యక్రమం మొత్తం ఇలాగే నింపుతున్నాం. స్వాతంత్ర్య దినోత్సవానికి గరిమెళ్ళ సత్యనారాయణ గారి గీతాలు పిల్లల చేత పాడించాం, ఆయన 1952లో పోయారు కాబట్టి సాహిత్యానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సినిమా పాటలు వేయాలంటే, రికార్డింగు హక్కులున్న కంపెనీని నేరుగా అడిగి లైసెన్సు తీసుకోవడం ఒక పద్ధతి. కొన్ని కంపెనీల తరఫున పీపీఎల్ (ఫోనోగ్రాఫిక్ పర్ఫార్మెన్స్ లిమిటెడ్) లాంటి సంస్థ ఇస్తుంది, సాహిత్యం, బాణీల తరఫున ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) ఉంది, ఇది 1969 నుంచీ ఉన్న సంస్థ. తెలుగు పాటలు ఏ కంపెనీవి ఎవరి చేతిలో ఉన్నాయో జాబితా రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో "అన్నీ కవర్ అవుతాయండి" అంటే సరే అనకండి. రెండోది, కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చిన 31డి సెక్షన్. విడుదలైన పాటని రేడియోలో వేయడానికి ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రేటు ప్రకారం రాయల్టీ కడితే ప్రసారం చేసుకోవచ్చు. కాకపోతే రాసినవారి పేరు, ప్రధాన గాయకుల పేర్లు ప్రసారంలో చెప్పాలి, లెక్కలు రాసి ఉంచాలి, నిడివి తగ్గించుకోవచ్చు గానీ పాటని మార్చకూడదు. రేటు సంగతి కాపీరైట్ తెలిసిన లాయరుకి ఒకసారి చూపించుకోండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇంకో సంగతి, మీరు యాప్‌లోనో వెబ్‌సైటులోనో కూడా వినిపిస్తామన్నారు. 31డి ఇంటర్నెట్ సేవలకి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. కాబట్టి ఎఫ్‌ఎమ్‌లో వేసే సినిమా పాటని నెట్‌లో కూడా వదలాలంటే ఆ అనుమతి విడిగా ఉండాలి. మేం నెట్‌లో మా సొంత రికార్డింగులు మాత్రమే పెడతాం, మనసుకి హాయిగా ఉంటుంది.

30 సెకన్లు వేస్తే తప్పు కాదన్నది వట్టి మాట, చట్టంలో అలాంటి లెక్కేమీ లేదు. నెలనెలా డబ్బు కట్టే పాటల యాప్ మీ చెవులకే గానీ స్టేషన్‌కి కాదు. గుడి మైకులో, పెళ్ళి ఊరేగింపులో వేస్తున్నారు కదా అంటారు కొందరు, మతపరమైన వేడుకలకీ పెళ్ళికీ చట్టంలో మినహాయింపు ఉంది, రేడియోకి లేదు. ఆకాశవాణి ప్రభుత్వానిదే కదా, ఆ రికార్డింగు వాడుకుంటే ఏం అని కూడా అనుకోవద్దు, దానికీ హక్కులుంటాయి. ఉల్లంఘన రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని 63వ సెక్షన్ చెబుతోంది. కాలేజీ పేరు మీద స్టేషన్ నడిపేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

సిగ్నేచర్ ట్యూన్లకీ, మాటల వెనక మ్యూజిక్కీ క్రియేటివ్ కామన్స్ సంగీతం (కొన్ని షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారులే వదిలినది) బాగా పనికొస్తుంది. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, సీసీమిక్స్‌టర్ లాంటి చోట్ల వెతకండి. ప్రతి పాటకీ దాని లైసెన్సు రాసి ఉంటుంది, అది పూర్తిగా చదవాలి. పేరు చెబితే చాలనే రకం మనకి సుఖం. వాణిజ్యానికి వాడకూడదు అని ఉన్నవాటి జోలికి నేను వెళ్ళను, ఎందుకంటే 2024 మార్గదర్శకాల ప్రకారం కమ్యూనిటీ రేడియోలో గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రకటనలు వేస్తున్న స్టేషన్ వాణిజ్యం కాదని వాదించుకుంటూ కూర్చోవడం ఎందుకు? డబ్బుకి కొనే రాయల్టీ ఫ్రీ సంగీతమైతే (ఒకసారి కొంటే వాడిన ప్రతిసారీ కట్టక్కర్లేనిది) లైసెన్సులో రేడియో ప్రసారం అని రాసి ఉందో లేదో చూడండి, చాలావాటిలో వీడియోల వరకే ఉంటుంది. ఒక సైటులో మేం కొన్న ఫ్లూట్ బిట్ వేరే ఎవరిదో అని తర్వాత బయటపడింది, రసీదూ లైసెన్సు పేజీ ప్రింటూ దాచి ఉంచాం కాబట్టి ఒక్క మెయిల్‌తో తేలిపోయింది.

ఇక మన డెల్టా పాటలు. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పుల పాటలు, పడవ పాటలు, గొబ్బి పాటలు, కోలాటం, బుర్రకథ, హరికథ, ఇవన్నీ ఇంకా పాడేవాళ్ళు ఉన్నారు. మీకు కపిలేశ్వరపురం దగ్గరే, అక్కడ హరికథ పాఠశాలే ఉంది, వెళ్ళి అడగండి. ఊడ్పుల పాటలు చేలో రికార్డు చేద్దామని సరదా పడతారు గానీ మా వైపైతే అది కుదరని పని. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల (నీళ్ళలోకి గాలి కొట్టే యంత్రాల) మోత వరిచేలో కూడా వినిపిస్తూనే ఉంటుంది, గాలి వీస్తే మైకులో గరగర. అందుకని మేం మధ్యాహ్నం అన్నాలయ్యాక రామాలయం వెనక గదిలో కూర్చోబెడతాం, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపేసి. ఎదురుగా మైకు చూడగానే అందరూ బిగుసుకుపోతారు, మొదటి పాట ఎప్పుడూ బాగా రాదు. అప్పుడు రికార్డర్ ఆపకుండా "అమ్మా, ఇది మీకు ఎవరు నేర్పారు?" అని అడుగుతాను. ఒకావిడ వాళ్ళ నాయనమ్మ సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో పాటందుకుంది, పక్కనున్న ఇద్దరూ వంత పాడారు, మా స్టేషన్‌కి ఫోన్ చేసి మళ్ళీ వేయమని ఎక్కువమంది అడిగేది ఆ పాటనే.

ఆ ప్రశ్న హక్కుల కోసం కూడా అడగాలండి. మన భజన బృందాలు, కోలాటం బృందాలు దేవుడి పాటని సినిమా బాణీలో పాడటం మామూలే. మాటలు వాళ్ళవే అయినా బాణీ సినిమాది, అది ప్రసారం చేయకూడదు. వాళ్ళని చిన్నబుచ్చకుండా "మీ అమ్మగారి కాలం నాటిది ఒకటి పాడండి" అంటే సరిపోతుంది. బుర్రకథ, హరికథ అయితే కథ రాసినవారెవరో అడగండి, ఈ మధ్యవారైతే వాళ్ళ సంతకం కూడా కావాలి.

అనుమతి కాగితం తెలుగులోనే, ఒక పేజీ దాటకుండా రాయండి. పాట మొదటి పంక్తి, పాడినవారి పేరు, ఎంత ఇచ్చారు, ఎక్కడెక్కడ వాడుకుంటారు (ఎఫ్‌ఎమ్, నెట్, పునఃప్రసారం), ఎన్నేళ్ళు. ఏళ్ళు రాయకపోతే చట్టం అయిదేళ్ళే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది, అందుకని గల్ఫ్‌లో ఉన్న మన కోనసీమ వాళ్ళు నెట్‌లో వినాలంటే "ప్రపంచమంతా" అని రాయాల్సిందే. పాడకముందే దాన్ని గట్టిగా చదివి వినిపించండి, వేలిముద్ర వేసేవాళ్ళుంటే వాళ్ళింట్లో చదువుకున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టండి, ఒక కాపీ వాళ్ళకి ఇవ్వండి. డబ్బు ఆ రోజే చేతిలో పెట్టండి. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి శాలువా కప్పి ఫొటో తీసి పంపేయడం అన్యాయం, నేను దీన్ని ఎక్కడా ఒప్పుకోను. పాట వేసిన ప్రతిసారీ పేరూ ఊరూ చెప్పండి.

మొదలు పెట్టడానికి మీ కాలేజీలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు, ఊళ్ళో సన్నాయి వాయించేవాళ్ళు ఈ నెలలోనే దొరుకుతారు, త్యాగరాజ కృతులు, మంగళవాద్యం వాళ్ళ చేత రికార్డు చేయించేయండి. సార్వా ఊడ్పులు మొదలైతే ఆడవాళ్ళెవరికీ తీరిక ఉండదు, వాళ్ళని అంతకుముందే పిలవండి. సినిమా పాటల లైసెన్సు జవాబు రావడానికి నెలలు పట్టచ్చు, అందుకని ఆ మెయిల్ ఇవాళే పెట్టేయండి. మేం వాడే అనుమతి కాగితం నమూనా కావాలంటే అడగండి, ఇస్తాను.