ఫ్రైడ్ చికెన్‌కు తీర్పరిగా వెళుతున్న చిన్నమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి మీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న శనివారం మీ అమ్మ ఫోను చేసి, మీ ఊరి వారపత్రిక నిన్ను ఫ్రైడ్ చికెన్ తీర్పరిగా ఎంచుకున్నదని, రెండు మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న రెస్టారెంట్లకు వెళ్లి, తిని, ఏది ఎలా ఉందో రాయబోతున్నావని చెప్పింది. ఆ మాట విన్న తర్వాత చాలాసేపు నాకు మరో పని మీద మనసు నిలవలేదు. ఇరవై రెండేళ్లు నేను చేసిన పని నా తమ్ముడి కూతురి చేతికి వచ్చిందన్న సంతోషం ఒకవైపు, ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు నీ చేతుల మీదుగా మళ్లీ జరుగుతుందేమోనన్న భయం మరొకవైపు. సంతోషం సంగతి ఆ రోజే ఫోనులో చెప్పాను. భయం సంగతి అలా రెండు మాటల్లో తేలేది కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా తేలికైన విషయాలు చెప్పి ముగిస్తాను. రోజుకు ఒక్క చోటే తిను. పత్రిక పేరు చెప్పకు, బిల్లు నువ్వే కట్టు. ఒక్కదానివే వెళ్లకు, తోడుగా ఇద్దరుంటే రొమ్ము, తొడ, కాలు, రెక్క అన్నీ బల్ల మీదికి వస్తాయి. ఫోటో ఒక్కటి తీసి ఫోను పక్కన పెట్టు, నువ్వు వెలుతురు సరిచూసుకునే లోపల ముక్క చల్లారిపోతుంది. ఒకే చోటికి రెండుసార్లు వెళ్లనిదే ఒక్క వాక్యం కూడా రాయకు. ఆదివారం చర్చి ముగిసిన తర్వాతి రద్దీలో ఒకసారి వెళ్లు, వారం మధ్యలో మధ్యాహ్నం మూడు గంటల వేళ ఇంకొకసారి వెళ్లు. రద్దీలో చికెన్ మూకుడులోంచి నేరుగా బల్ల మీదికి వస్తుంది కనుక ఆ వంటింటివారు చేయగలిగిన మంచి పని నీకు దొరుకుతుంది. జనం లేని వేళ నీకు పెట్టినది వండినది చల్లారకుండా ఉంచే దీపం కింద గంటసేపు కూర్చున్న ముక్కా, నీ ఒక్కదాని కోసం కొత్తగా వేయించిన ముక్కా అన్నది చూస్తే ఆ ఇంటివారి మనసు తెలుస్తుంది.

ఇంటి తరహా ఫ్రైడ్ చికెన్ అని బోర్డు మీద ఉన్నంత మాత్రాన అందరూ ఒకే వంట చేస్తారని అనుకోవద్దు. 1824లో వెలువడిన ఒక వర్జీనియా వంట పుస్తకంలో ముక్కలు వేయించడానికి కోడి కాక చెప్పిన సరుకులు మూడే: మైదా, ఉప్పు, పందికొవ్వు. ఒహాయో రాష్ట్రంలోని బార్బర్టన్‌లో సెర్బియా నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం 1933లో ప్రారంభించిన బెల్‌గ్రేడ్ గార్డెన్స్ ఇంచుమించు ఆ దారినే పట్టింది. మసాలాలు కలపకుండా పందికొవ్వులో వేయించి, పక్కన కారపు అన్నం, వెనిగర్ కలిపిన క్యాబేజీ తురుము పెడతారు. కాన్సస్ సిటీలోని స్ట్రౌడ్స్‌కు పెనం మీద వేయించడమే ప్రాణం. న్యూఆర్లీన్స్‌లో విల్లీ మే సీటన్ 1957లో తెరిచిన చోట ముక్కను పొడి మైదాలో దొర్లించడానికి బదులు జారుగా కలిపిన పిండిలో ముంచి వేస్తారు. 2005లో, మంచి రెస్టారెంట్లకు పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఆమె రెస్టారెంటుకు అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది కత్రినా తుఫాను వరద దానిని ముంచెత్తింది. ఎక్కడెక్కడి నుంచో స్వచ్ఛంద సేవకులు వచ్చి ఆ ఇంటిని తిరిగి నిలబెట్టారు. ఒక వంట కోసం జనం అంత దూరం వస్తారని నాకు ఆ వార్త చదివినప్పుడే పూర్తిగా అర్థమైంది. ఇంతకూ నేను చెప్పేది ఏమంటే, బార్బర్టన్ చికెన్‌లో ఘాటు లేదనీ న్యూఆర్లీన్స్ చికెన్ మీద పిండి పొర ఎక్కువగా ఉందనీ రాసేవారికి వంట మీద కంటే తమ అలవాటు మీదే మమకారం ఎక్కువ. ఆ ఇంటివారు ఏమి చేయాలని పూనుకున్నారో ముందు తెలుసుకుని, అది చేయగలిగారా లేదా అన్నదే చూడు.

ఆర్డరు చెప్పిన తర్వాత గడియారం చూసుకో. పెనం మీద సరిగా వేయించడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. 1939లో కెంటకీలోని కార్బిన్‌లో, తర్వాత కేఎఫ్‌సీ స్థాపించిన హార్లండ్ శాండర్స్ ప్రెషర్ కుక్కర్‌లో వేయించడం మొదలుపెట్టింది ఆ ఎదురుచూపు భరించలేకనే. కనుక ఆలస్యమైందని విసుక్కోవద్దు. ఎనిమిది నిమిషాల్లో వస్తేనే అనుమానించు. వచ్చిన ముక్కను తిరగేసి చూడు. పెనం అడుగుకు ఆనిన చోట రంగు కాస్త ముదురుగా ఉంటే అది పెనం మీద వేగినదని గుర్తు. లోతైన నూనెలో మునిగి వేగినది అంతటా ఒకే రంగులో ఉంటుంది. రెండూ మంచివే, అయితే పెనం మీద చేశామని చెప్పి రెండోది పెడితే ఆ మాట రాయవచ్చు.

జిడ్డు గురించి చాలామంది తొందరపడి మాట్లాడతారు. ముక్క నూనెలో పడగానే దానిలోని నీరు ఆవిరై బయటికి తోసుకువస్తుంది, మనకు వినిపించే చిటపట అదే. ఆవిరి అలా వస్తున్నంతసేపు నూనె లోపలికి పెద్దగా పోలేదు. బయటికి తీసిన తర్వాత, వేడి తగ్గి ఆవిరి అణగినప్పుడు, పైన అంటుకున్న నూనెను పొర పీల్చుకుంటుంది. అందువల్ల ముక్కను జాలీ మీద వార్చకుండా బుట్టలో ఒకదాని మీద ఒకటి పేర్చినవారి చికెన్ పైన కరకరలాడుతూ అడుగున మెత్తబడి ఉంటుంది. నువ్వు చేతితో అడుగు తడిమి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ కొరుకు. అప్పటికీ పొర నిలిచి ఉంటే ఆ చేతికి అనుభవం ఉన్నట్టే. కొరికినప్పుడు పొరా చర్మమూ కలిసి ఒక తెరలా ఊడి రాకూడదు. రొమ్ము ముక్కలో ఎముకకు ఆనుకున్న మాంసాన్ని పొర లేకుండా విడిగా నమిలి చూడు. అక్కడ ఉప్పు తగిలిందంటే ముందురోజు రాత్రే ఉప్పునీటిలోనో మజ్జిగలోనో నానవేసి ఉంటారు. నూనె పాతబడితే గొంతు వెనుక సన్నని చేదు తగులుతుంది, చేప వాసన వస్తుంది. అయితే ముక్క పాలిపోయి ఉన్నంత మాత్రాన వంటవాణ్ని తప్పుపట్టకు. ఆ రోజే మార్చిన నూనెలో తొలి వాయలు అంత ఎర్రగా రావు, ఇది నేను ప్లేట్లు కడిగే రోజుల్లో మూకుడు పక్కన నిలబడి చూసిన సంగతి.

ఇక నా తప్పు సంగతి. మీ నాన్నకు కొంత తెలుసు, పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

1991 అక్టోబరులో, నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు, దాదాపు నలభై ఏళ్లుగా ఒకే కుటుంబం నడుపుతున్న రెస్టారెంటుకు వెళ్లాను. ఊరి పేరూ వారి పేరూ రాయను. తల్లి పొయ్యి దగ్గర, కూతురు బల్లల దగ్గర ఉండేవారు. నాకు తొడ ముక్క వచ్చింది. పొర బాగుంది, వాసన బాగుంది. రెండోసారి కొరికేసరికి ఎముక పక్కన ముదురు ఎరుపు కనిపించింది, ఎముకను కదిపితే ఎర్రటి చెమ్మ కంచం మీదికి జారింది. నేను ముక్కను కింద పెట్టేశాను. ఎవరినీ పిలవలేదు, ఒక్క మాట అడగలేదు, రెండో ముక్క ముట్టలేదు. బిల్లు కట్టి ఇంటికి వచ్చి, ఆ రాత్రే కూర్చుని, అక్కడి చికెన్ పచ్చిగా ఉన్నదని, రక్తం కారుతున్నదని రాశాను. నా రాతకు బలం ఉన్నదని ఆ రోజుల్లో నాకు ఒక నమ్మకం ఉండేది. ఆ వాక్యాన్ని మూడుసార్లు దిద్ది, మరింత పదును పెట్టి పంపాను.

గురువారం పత్రిక వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేయడంతో ఆరోగ్య శాఖవారు వెళ్లి అంతా పరీక్షించి, తప్పేమీ లేదని తేల్చారు. ఆ తర్వాతి మంగళవారం ఆ పెద్దావిడ నాకు ఫోను చేసింది. కోపంగా మాట్లాడుతుందని అనుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు వంటింటికి రమ్మని మాత్రం అడిగింది. వెళ్లాను. భోజనాల వేళ ఇంకా పూర్తిగా దాటలేదు, అయినా పద్నాలుగు బల్లల్లో ఒక్కదాని దగ్గరే మనుషులు ఉన్నారు.

ఆవిడ వయసు డెబ్భై దాటింది. ఎడమ ముంజేతి మీద నూనె చిట్లిన మచ్చలు వరుసగా, మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్నాయి. నా ఎదుటే ఒక తొడ ముక్కను మైదాలో దొర్లించి, పోత ఇనుప పెనంలో వేసి, మూత పెట్టి, తీసి, తిప్పి, చివరికి ఒక పళ్లెంలో పెట్టింది. థర్మామీటరు నా చేతికిచ్చి నన్నే గుచ్చమంది. సూది 184 దగ్గర నిలిచింది. ప్రభుత్వం చెప్పే కనీస వేడి 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్. ఆ తర్వాత ముక్కను రెండుగా విరిచి చూపింది. ఎముక పక్కన అదే ముదురు ఎరుపు.

అప్పుడు ఆవిడ చెప్పినది నేను తర్వాత చదివి నిర్ధారించుకున్నాను. ఈ కాలపు కోళ్లను ఆరేడు వారాల వయసులోనే కోస్తారు. వాటి ఎముకలు అప్పటికి పూర్తిగా గట్టిపడవు. లోపలి మూలుగలోని ఎర్రటి వర్ణం ఆ లేత ఎముకలోంచి బయటికి ఊరి, పక్కనున్న మాంసానికి అంటుకుంటుంది; వేడి తగిలితే నల్లబడుతుంది కానీ పోదు. కోడిని గడ్డకట్టించి కరిగిస్తే అది మరింత ఎక్కువవుతుంది. ఆ వారం వారికి రోజూ వచ్చే తాజా సరుకు రాక, ఫ్రీజరు సరుకు దించుకున్నారట. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రోజే నాకు ఈ సంగతి చెప్పేవారు.

ఆవిడ నన్ను నిందించలేదు. స్టూలు లాగి కూర్చోమని, ఆ ముక్క తినమని చెప్పింది. తిన్నాను. అంత మంచి తొడ ముక్క నేను అంతకుముందు తినలేదు, ఆ తర్వాత కూడా బహుశా రెండో మూడో తిన్నాను. మా పత్రిక సవరణ వేసింది, లోపలి పేజీలో మూడు వరుసలు. నా మొదటి వ్యాసం ముందు పేజీలో ఫోటోతో సహా వచ్చింది. ఆ శీతాకాలమంతా బల్లలు నిండలేదని, ఇద్దరు పనివాళ్లను మానిపించవలసి వచ్చిందని కూతురు చాలాకాలం తర్వాత నాకు చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకరు ఆ రోజు నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టిన కుర్రవాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతున్నది.

అంతమాత్రాన పచ్చిమాంసాన్ని కూడా మొహమాటపడి తినమని నేను చెప్పడం లేదు, చిన్నా. నీ కడుపు చిన్నప్పటి నుంచీ సున్నితమైనది, ఆ భయం కూడా నాకు ఉంది. పచ్చి కోడిమాంసంలో ఉండి జబ్బు చేసే సాల్మొనెల్లా క్రిమి ఆటలాడే విషయం కాదు. నిజంగా ఉడకని మాంసం ఎముక దగ్గరే కాదు, కండ మధ్యలో కూడా అద్దంలా మెరుస్తూ, పంటికి రబ్బరులా సాగుతూ ఉంటుంది, ఎముకను వదలదు. అటువంటిది కనిపిస్తే మింగకు, వెంటనే పిలిచి చూపించు. రంగును నమ్మవద్దు, వేడిని నమ్ము. కండ దళసరిగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడు. తొడ ముక్క 175 దాటితేనే నోటికి మెత్తగా ఉంటుంది, రొమ్ము ముక్క 165 దాటి మరీ పైకి పోతే పీచుగా మారుతుంది. ఒకే పెనంలో ఈ రెండింటినీ సరిగా తీయగలిగిన మనిషిని గురించి నాలుగు మంచి మాటలు ఎక్కువ రాసినా తప్పులేదు.

ఏ రాత్రి తిన్నది ఆ రాత్రి రాయకు. ఈ ఒక్క మాట నువ్వు వినకపోతే నాకు నిజంగా కోపం వస్తుంది. నీకు మాట పదునుగా వస్తుంది. నీ కాలేజీ వ్యాసాలు చదివినప్పుడు నేను గర్వపడిందీ దానికే, ఇప్పుడు నాకు నిద్ర పట్టనిదీ దానికే. బాగా లేనిది బాగా లేదనే రాయి, చల్లారినది చల్లారిందనే రాయి, కానీ నువ్వు అడిగి తెలుసుకున్నదే రాయి. రాసిన తర్వాత, పొయ్యి దగ్గర నిలబడి పెనం తిప్పే మనిషి ఎదుట అదే వాక్యాన్ని బిగ్గరగా చదవగలనా అని చూసుకో. చదవగలిగితే పంపించు.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పార్శిలు పంపుతున్నాను. అందులో థర్మామీటరు ఉంది, కొత్తది. బ్యాటరీ వేసే ఉంచాను. మొదటి రోజు వెళ్లే ముందు ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, నీళ్లు పోసి, కాసేపు ఆగి అందులో ముంచి చూడు. ఫారన్‌హీట్‌లో 32 చూపించాలి. ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే ఆ లెక్క కాగితం మీద రాసుకో, అంతకు మించి తేడా వస్తే వాడకుండా నాకు ఫోను చెయ్యి, ఇంకొకటి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న