కూలి తగ్గించిందెవరు? స్థలం రేటు పెంచిందెవరు?

(పాఠకుల ప్రశ్నలకు కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు)

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ సెంట్రింగ్ పనే చేస్తున్నాను. ఇప్పుడు బిల్డర్లంతా బీహార్, బెంగాల్ కుర్రాళ్ళనే పెట్టుకుంటున్నారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, పిలుపు రాక ఇంటికి తిరిగొచ్చే రోజులే ఎక్కువయ్యాయి. బయటివాళ్ళు రాకుండా ప్రభుత్వం ఆపలేదా?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఆపడానికి వీల్లేదు తమ్ముడూ. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. తుంగభద్ర డ్యాం నీళ్ళు పారాక మన గుంటూరు, కృష్ణా రైతులు సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి భూములు కొని, క్యాంపులు కట్టుకుని వరి వేసింది ఆ హక్కుతోనే.

అలాగని మీ కష్టం ఉత్తదే అనను. వలసల వల్ల మొత్తం మీద లాభమే అని ఆర్థికవేత్తలు చెబుతుంటారు. ఆ మొత్తంలో మీ అడ్డా లెక్కకు రాదు. ఫ్లాటు కొనేవాడికి లాభం, సిమెంటు అమ్మేవాడికి లాభం, సైటు ఎదురుగా టీ కొట్టు పెట్టినవాడికి లాభం. అదే పని చేసే మీకు మాత్రం పోటీ.

కానీ ఆ కుర్రాడు తక్కువకు ఎందుకు వస్తున్నాడో చూడండి. సర్వీసులో ఉండగా సైట్ల తనిఖీకి వెళ్ళేవాణ్ణి. రేకుల షెడ్డు, లోపల దండెం నిండా తడి బట్టలు, ఒక్క ప్లగ్గుకి తగిలించిన అరడజను ఫోన్లు, బయట అందరికీ ఒకటే కుళాయి. మస్టరు తెప్పించి చూస్తే సంతకాలన్నీ ఒకే చేతిరాత! ఒకణ్ణి పక్కకు పిలిచి నా వచ్చీరాని హిందీలో రోజుకెంత ఇస్తున్నారని అడిగితే, ముందు మేస్త్రీ మొహం చూసేవాడు. ఊళ్ళో ఇంటివాళ్ళకు అడ్వాన్సు ఇచ్చి తెస్తారు. అది తీరేదాకా కదలడానికి లేదు. చీకటి పడ్డా పని ఆగదు, ఆదివారం లేదు, మేనమామ ఇంట్లో పెళ్ళని సెలవడగడు. మీరేమో సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు, నచ్చకపోతే మర్నాడు రారు. బిల్డరుకు కలిసొచ్చేది అక్కడే.

దీనికి చట్టం లేక కాదు. పక్క రాష్ట్రం నుంచి తెచ్చినవాడికి, అదే పని చేసే స్థానికుడి కంటే తక్కువ కూలి ఇవ్వకూడదని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. పైగా దారి ఖర్చులు, ఊరు వదిలి వచ్చినందుకు నెల జీతంలో సగం భత్యం కూడా ఇమ్మంది. అది గట్టిగా అమలైతే బయటి నుంచి తెచ్చుకోవడం బిల్డరుకు చవక కాదు, అదనపు ఖర్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపేశారు. దారి ఖర్చు మిగిలింది, ఆ భత్యం ఎగిరిపోయింది. నాకైతే ఇది నచ్చలేదు.

కాబట్టి మీ సంఘం వాళ్ళతో చెప్పండి: ఆ కుర్రాళ్ళనూ సభ్యులుగా చేర్చుకోవాలి. ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్ళెవరైనా భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదు కావచ్చు, వాళ్ళూ అర్హులే. వాళ్ళ రేటు మీ రేటుకు వస్తే తప్ప బిల్డరు మళ్ళీ అడ్డా మొహం చూడడు.

ఇంకో మాట. మీ అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడని రాశారు. రేపు వాణ్ణి సెంట్రింగ్‌కి పంపుతారా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక్కో స్త్రీకి మన రాష్ట్రంలో 1.7 మంది పిల్లలు, బీహార్‌లో ముగ్గురు. ఉన్న ఒకరిద్దర్నీ మనం కాలేజీకి పంపుతున్నాం. మరి అమరావతిలో రాడ్లు వంచేదెవరు?

ప్రశ్న: మా పిల్లలిద్దరూ డల్లాస్‌లో ఉంటారు. వాళ్ళు పంపే డాలర్లు దేశానికి లాభం అంటారు. మా వీధిలో చూస్తే మిగిలింది ముసలివాళ్ళమే. రాత్రిపూట తోడుకి శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆయా ఉంటోంది. నిజంగా లాభమేనా?
– రిటైర్డ్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లాభమే టీచరు గారూ. ఆ లాభం ఎక్కడ దిగుతోందన్నదే పేచీ. 2023–24లో ప్రవాసులు పంపిన సొమ్ము మీద రిజర్వు బ్యాంకు సర్వే చేస్తే, దాదాపు 28 శాతం అమెరికా నుంచే వచ్చింది. రెండో స్థానం యూఏఈది. రాష్ట్రాల్లో కేరళ వాటా 20 శాతం దాకా ఉంటే మనది 4 శాతం పైచిలుకు.

రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్ళి ఇంటిపని చేసే ఆడమనిషి పంపే డబ్బు బియ్యానికి, పిల్లల ఫీజుకి, తాకట్టు విడిపించుకోవడానికి పోతుంది. అంటే ఊరి దుకాణాల్లోనే తిరుగుతుంది. డల్లాస్ డబ్బు చాలా మటుకు స్థలంలోకి వెళ్ళి కూర్చుంటుంది. ఇక్కడి జీతంతో బతికే లెక్చరరు ఆ ధరతో పోటీ పడలేడు. సింగ్‌నగర్ తమ్ముడు సొంతిల్లు కట్టుకోలేకపోతే అది బీహారీ తప్పు కాదు, అతనికి రేకుల షెడ్డు చాలు. స్థలం రేటు పెంచింది మన పిల్లలు, వాళ్ళ తరఫున రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరిగిన మనం. ఇది చదివి మా వాకింగ్ బ్యాచ్‌లో సగం మంది నాతో మాట్లాడరు. పోనివ్వండి.

అంతా స్థలాల్లోకే పోయిందంటే మాత్రం అన్యాయం. 1946లో పెట్టిన మన గుంటూరు మెడికల్ కాలేజీలో సర్కారు ఖర్చుతో చదివినవాళ్ళు, 1965లో అమెరికా వలస చట్టం మారాక చాలామంది అటు వెళ్ళారు. జింకానా పేరుతో సంఘం పెట్టుకుని, పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి డబ్బిచ్చింది ఆ కాలేజీ పూర్వ విద్యార్థులే.

ఆయా సంగతి. ఆమె పిల్లల్ని ఊళ్ళో వాళ్ళమ్మ చూసుకుంటోందని మీరే రాశారు. వారానికో రోజు సెలవు, పండక్కి ఊరెళ్ళి రావడానికి చార్జీలు ఇవ్వండి. డల్లాస్‌కి ఫోన్ చేసి చెప్తే పిల్లలు కాదనరు.

ప్రశ్న: మిర్చి కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (కోతల కాలపు వలసకు) వచ్చినవాళ్ళు మా బడి వెనక చేలో గుడారాలు వేసుకున్నారు. పిల్లల్ని చేర్చుకుందామంటే టీసీలు లేవు. ఏం చేయాలి?
– ప్రభుత్వ ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

జవాబు: చేర్చుకోండమ్మా. టీసీ రాలేదని, వయసు రుజువు లేదని, ఏడాది మధ్యలో వచ్చారని 14 ఏళ్ళలోపు పిల్లల్ని కాదనడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. పాత బడి హెచ్చెమ్‌కు ఒక ఫోన్ కొట్టండి. రేషన్ కార్డు సొంతూరిదైనా వేలిముద్ర వేసి ఇక్కడి డిపోలోనే బియ్యం తీసుకోవచ్చని తల్లిదండ్రులకు చెప్పండి. కోత కూలి కిలోల లెక్క కాబట్టి అమ్మ చేను వదలదు, చంటివాణ్ణి చూసుకోవడానికి అక్క గుడారంలో ఉండిపోతుంది. ఆ చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చినా తరగతిలో కూర్చోనివ్వండి. వాళ్ళ తెలుగులో కన్నడం కలుస్తుంది, మీ పిల్లలు నవ్వకుండా ముందే చెప్పి పెట్టండి. మొదటి రోజు నవ్వారంటే రెండో రోజు రారు.