క్రికెట్ క్లబ్ కోసం పైసా తీసుకోకుండా పనిచేసేవాళ్లని ఎలా గౌరవించాలి?

మీ క్లబ్‌లో పిచ్ చూసుకునే పెద్దాయన, స్కోర్ రాసే ఆవిడ, పిల్లల సెక్షన్ నడిపే ఆయన ఏళ్ల తరబడి ఊరకే చేస్తున్నారు, సీజన్ ఎండ్ డిన్నర్‌లో శాలువా, మెమెంటో కాకుండా ఇంకేం చేస్తే బాగుంటుంది అని కదా మీరు అడిగింది. నేనూ ఇంగ్లండ్‌లోనే ఉంటానండి, రీడింగ్ దగ్గర ఒక చిన్న క్లబ్‌లో థర్డ్ లెవన్‌కి, అంటే మూడో జట్టుకి ఆడతాను, కమిటీలో కూడా ఉన్నాను కాబట్టి మా దగ్గర ఏం చేశామో చెప్తాను.

అన్నిటికంటే ముందు, ఏ అవార్డ్ ఇద్దాం అనేది పక్కన పెట్టి వాళ్లు చేసే పని ఏంటో కాగితం మీద పెట్టండి. "గ్రౌండ్ చూసుకుంటారు" అని ఒక ముక్కలో కాదు, వారంలో ఏ రోజు ఏం చేస్తారో వివరంగా. మా గ్రౌండ్స్‌మన్ పేరు అవార్డ్‌కి పంపిద్దామని కూర్చుంటే కమిటీలో ఎవరిని అడిగినా రెండు లైన్లు దాటలేదు, కెప్టెన్లతో సహా. అందుకని నేను అవార్డ్ సంగతి ఎత్తకుండా, కాస్త సాయం చేస్తానండీ అని చెప్పి ఆఫీస్ అయ్యాక సాయంత్రాలు ఆయన వెనకే తిరిగాను.

శనివారం మ్యాచ్ అంటే ఆయన పని వారం మొదట్లోనే మొదలవుతుంది. పిచ్‌కి నీళ్లు బాగా పట్టించడం, తర్వాత రోజూ రోలర్, వానొస్తే కవర్లు వేయడం, ఎండొస్తే తీయడం, గడ్డి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ చివరికి నాలుగైదు మిల్లీమీటర్లకి తేవడం. రోలర్ ఎక్కించే ముందు వంగి బొటనవేలి గోరు మట్టిలోకి నొక్కి చూస్తారు, సులువుగా దిగిపోతే ఇంకా తడి ఎక్కువ ఉన్నట్టు, అస్సలు దిగకపోతే రోలర్ తిప్పినా ఏం లాభం లేదు, ఆ రెండిటి మధ్యలో ఉండే కాసేపటి కోసమే ఆయన ఎదురుచూసేది, అది వారంలో ఏ పూట వస్తుందో ఎండా గాలీ చెప్పాలి, అందుకే ఆయన సాయంత్రం ఇంకో ప్రోగ్రామ్ పెట్టుకోరు. ఇక సెప్టెంబర్‌లో మనమంతా బ్యాట్లు అటకెక్కించాక ఆయన స్క్వేర్ మీద, అంటే గ్రౌండ్ మధ్యలో పిచ్‌లన్నీ ఉండే భాగం మీద, చచ్చిన గడ్డంతా గీకించి, కొత్త విత్తనం చల్లి, బస్తాలకు బస్తాలు బంకమట్టి లోమ్ పరిచి చదును చేస్తారు. వచ్చే ఏడాది బంతి సమానంగా లేస్తుందా లేదా అనేది అక్కడే తేలిపోతుంది. ఇవన్నీ రాసుకొచ్చి కమిటీలో చదివితే రూమ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఆ తర్వాత ఇద్దరు కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి గురువారాలు మేం వస్తాం, రోలర్ నేర్పించమనండి అన్నారు. నన్నడిగితే ఆయనకి దక్కిన మొదటి గౌరవం అదే, కప్ తర్వాత వచ్చింది.

స్కోరర్ గురించి కూడా ఇలాగే రాయండి. మా స్కోరర్ ఆవిడ ఒక్కో బౌలర్‌కి ఒక్కో రంగు పెన్ వాడతారు, పుస్తకం తెరిస్తే ఏ ఓవర్ ఎవరు వేశారో చూడగానే తెలిసిపోతుంది. 40 ఓవర్ల మ్యాచ్ అంటే రెండు ఇన్నింగ్స్‌కి 480 బంతులు, వైడ్లు నోబాల్స్ దానికి అదనం. అన్ని బంతులూ చూడాలి, అంపైర్ ఇచ్చే ప్రతి సిగ్నల్‌కీ చెయ్యెత్తి బదులివ్వాలి, పక్కన ట్యాబ్లెట్‌లో యాప్ కూడా నొక్కాలి, ఎందుకంటే సాయంత్రానికల్లా క్లబ్ మ్యాచ్‌ల స్కోర్లు పెట్టే ప్లే-క్రికెట్ వెబ్‌సైట్‌లో స్కోర్ లేకపోతే ముందు గొడవ చేసేది ఫిఫ్టీ కొట్టినవాడే. మా క్లబ్ ఆవిడ కోసం స్కోర్‌బాక్స్‌కి హీటర్ పెట్టించి, దాని మీద ఆవిడ పేరు రాయించింది. మనిషి ఉండగానే పేరు పెట్టండి, పోయాక బెంచీ మీద ఇత్తడి రేకు కొట్టించడం ఇక్కడ మామూలే కానీ అది చూసుకుని మురిసిపోవడానికి వాళ్లు ఉండరు కదా.

పిల్లల సెక్షన్ ఆయన సంగతి ఇంకోరకం. 2017లో ఆల్ స్టార్స్ అనే చిన్నపిల్లల క్రికెట్ ప్రోగ్రామ్ వచ్చాక అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు శుక్రవారం సాయంత్రం గుంపులుగా వస్తున్నారు, అందులో మన తెలుగు పిల్లలు కూడా బాగానే ఉంటారు. కోచింగ్ ఇచ్చేవాళ్ల డీబీఎస్ చెక్‌లు (నేరచరిత్ర తనిఖీలు), సేఫ్‌గార్డింగ్ (పిల్లల భద్రత), తల్లిదండ్రుల మెసేజ్‌లు, అన్నీ ఒక్క మనిషి ఫోన్ మీదే పడతాయి. ఈయనకి మాత్రం పిల్లల చేతే ఇప్పించండి. మా దగ్గర పిల్లలందరూ ఒక పాత బ్యాట్ మీద సంతకాలు పెట్టి ఇచ్చారు, ఆయన హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నారు.

ఇప్పుడు బయటి గుర్తింపు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డ్ ఈసీబీ ఏటా గ్రాస్‌రూట్స్ క్రికెట్ అవార్డ్స్ ఇస్తుంది, మీ కౌంటీ (జిల్లాలాంటిది) క్రికెట్ బోర్డ్‌ని అడిగితే నామినేషన్ ఎప్పుడు తెరుస్తారో చెప్తారు, ముందు కౌంటీ స్థాయి, అక్కడ గెలిస్తే జాతీయ స్థాయి. ఇంకా పెద్దది కావాలంటే బ్రిటిష్ ఎంపైర్ మెడల్ అనే ప్రభుత్వ పతకం ఉంది. 1993లో ఆపేసి 2012లో మళ్లీ మొదలుపెట్టారు, సరిగ్గా ఇలా ఊళ్లో ఏళ్ల తరబడి సేవ చేసేవాళ్ల కోసమే. ఎవరైనా నామినేట్ చేయొచ్చు, కనీసం రెండు సపోర్ట్ లెటర్లు కావాలి, తేలడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అప్పటిదాకా ఆ మనిషికి తెలియనివ్వకూడదు. ఇంకా ముఖ్యం, వాళ్లు పనిలో ఉండగానే పంపాలి, రిటైర్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే కుదరదు. లెటర్ ఒకటి క్లబ్ బయటివాళ్ల చేత, స్కూల్ హెడ్ గానీ అవతలి క్లబ్ సెక్రటరీ గానీ, రాయిస్తే బలంగా ఉంటుందని నా అభిప్రాయం. మీరు ముందు రాసి పెట్టుకున్న కాగితం ఇక్కడ అక్షరం అక్షరం పనికొస్తుంది.

మన సిరాజ్ 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు తీసి, తనకొచ్చిన 5,000 డాలర్ల ప్రైజ్‌మనీని కొలంబో గ్రౌండ్ స్టాఫ్‌కి ఇచ్చేశాడు గుర్తుందా, టోర్నీ అంతా వానలే, వాళ్లు లేకపోతే మ్యాచ్‌లే జరిగేవి కావు. మరుసటి ఏడాది ఐపీఎల్ అయ్యాక బీసీసీఐ కూడా రెగ్యులర్ గ్రౌండ్ ఒక్కోదాని సిబ్బందికి, క్యూరేటర్‌కి 25 లక్షలు ప్రకటించింది. అది చూసి నాకు చాలా సంతోషమేసింది. కాకపోతే వాళ్లు జీతం తీసుకుని పనిచేసేవాళ్లు, మన క్లబ్ పెద్దాయనకి ఆ జీతం కూడా లేదు, పైగా మోవర్‌కి పెట్రోల్ తన జేబులోంచే పోస్తారు చాలామంది. అందుకే ట్రోఫీ కొనే డబ్బుతో ముందు ఆ బాకీలు తీర్చండి. ట్రెజరర్‌ని కూర్చోబెట్టి సొంత డబ్బు ఎంత పెట్టారో గట్టిగా అడిగించండి, వాళ్లు "అబ్బే ఏం లేదులే" అంటారు, వదలొద్దు.

డిన్నర్ రోజు గురించి. మా దగ్గర ఇదివరకు ఎక్కువ రన్స్, ఎక్కువ వికెట్లు, బెస్ట్ క్యాచ్ అన్నీ అయ్యి, జనం బార్ దగ్గరికి లేచాక చివర్లో "అలాగే మన వాలంటీర్లకి కూడా చప్పట్లు" అనేవాళ్లు. ఇప్పుడు వాళ్లతోనే మొదలుపెడుతున్నాం. ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాలు, పొగడ్తలు కాదు, చేసిన పని. మా ఫస్ట్ లెవన్ ఓపెనర్ లేచి ఆ గోరు నొక్కి చూసే సంగతి చెప్పినప్పుడు పెద్దాయన తల దించుకుని చేతుల వైపు చూసుకున్నారు. అదే టేబుల్ దగ్గర కూర్చున్న ఆయన భార్య చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది.

అది కూడా మర్చిపోకండి, వాళ్ల ఇంట్లోవాళ్లని తప్పకుండా పిలవండి, టికెట్ డబ్బులు అడగొద్దు. శనివారాలన్నీ వదులుకున్నది వాళ్లూనూ. శాలువా వద్దని నేననను, మన పద్ధతిలో కప్పండి, మా స్కోరర్ ఆవిడకి కప్పిన పోచంపల్లి శాలువా ఏప్రిల్ చలిలో స్కోర్‌బాక్స్‌లో ఇప్పటికీ ఒళ్లో వేసుకుని కూర్చుంటారు. నామినేషన్ లెటర్ ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే కింద కామెంట్ పెట్టండి, మేం రాసింది పేర్లు తీసేసి పంపిస్తాను.