పరిశుద్ధాత్మ, పరమాత్మ, రూహ్: మూడూ ఒకటేనా?

మీరు అడిగింది ఇదీ: "క్రైస్తవుల పరిశుద్ధాత్మ, హిందువుల పరమాత్మ, ముస్లింల రూహ్... పేర్లు వేరైనా విషయం ఒకటే కదా?"

నేను పదహారేళ్లుగా విజయవాడలో డీటీపీ పని చేస్తున్నాను. స్తోత్రాల పుస్తకాలు, చర్చి కరపత్రాలు, ఇస్లాం గురించి తెలుగులో వేసే చిన్న పుస్తకాలు అన్నీ టైపు చేశాను. మొదట్లో నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. రెండుసార్లు ప్రూఫులు వెనక్కి వచ్చాక ఆ ఆలోచన మారింది.

మొదటిది ఒక క్యాథలిక్ పెళ్లి పూజ పుస్తకం. ప్రతి పేజీలో "పవిత్రాత్మ" అని ఉంది. అంతకుముందు నేను చేసిన కరపత్రాలన్నిటిలో "పరిశుద్ధాత్మ" అనే ఉండేది కాబట్టి ఇది పొరపాటనుకుని అన్నిచోట్లా మార్చేశాను. ఫాదర్ గారు ఒక్కోదాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపారు. వెళ్లి కలిస్తే కోప్పడలేదు. "అర్థం తేడా లేదయ్యా. కానీ మావాళ్లు చిన్నప్పటినుంచి నుదుట, గుండెమీద, భుజాలమీద చెయ్యి పెట్టుకుంటూ 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున' అంటారు. పెళ్లిపూట ఆ మాట మారితే నోరు తడబడుతుంది" అన్నారు.

రెండోదాంట్లో చేసిన తప్పు ఇంకా పెద్దది. ఒక ముస్లిం పెద్దాయన రాసిన పుస్తకంలో "పరిశుద్ధాత్మ" అన్న ప్రతిచోటా పక్కనే బ్రాకెట్లో "జిబ్రయీల్" అని ఉంది. లైను నిండా బ్రాకెట్లు బాగోలేదని తీసేశాను. ఆయన ప్రూఫు చూసి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "బాబూ, ఆ ఒక్క మాట తీసేస్తే చదివేవాడికి త్రిత్వంలో మూడో వ్యక్తి గుర్తొస్తాడు. మాకు రూహుల్ ఖుదుస్, అంటే పరిశుద్ధాత్మ, అల్లాహ్ పంపిన దూత. దూతకు ఆరాధన ఉండదు" అన్నారు. త్రిత్వం అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న క్రైస్తవ విశ్వాసం. తెలుగులో అక్షరం తేడా లేని ఒకే మాట. ఒక మతంలో అది సాక్షాత్తు దేవుడు, ఇంకో మతంలో దేవుడు సృష్టించిన దూత. బ్రాకెట్లన్నీ తిరిగి పెట్టాను.

మీరన్నదాంట్లో నిజం లేకపోలేదు. మాటలు పుట్టిన చోటు దాదాపు ఒకటే, ఊపిరి. హీబ్రూ "రూఅహ్" అంటే గాలి, ఊపిరి, ఆత్మ మూడూను. గ్రీకు "న్యూమా" కూడా అంతే. అందుకే యోహాను సువార్త మూడో అధ్యాయంలో "గాలి తన కిష్టమైన చోటను విసరును" అన్న వాక్యంలోని గాలికీ, దాని వెనకే వచ్చే ఆత్మకూ గ్రీకులో ఒకటే మాట. తెలుగులో రెండు మాటలయ్యేసరికి ఆ శ్లేష పోయింది. అరబ్బీలో రూహ్, గాలి అనే అర్థమున్న రీహ్ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మన "ఆత్మ"ను కూడా చాలామంది పండితులు శ్వాసతోనే ముడిపెడతారు. మనిషి చనిపోతే "ఊపిరి పోయింది" అన్నా "ప్రాణం పోయింది" అన్నా మనకు ఒకటే కదా.

ఊపిరి దాటి ముందుకెళ్తే దారులు విడిపోతాయి. క్రైస్తవంలో ఆత్మ ఒక శక్తి కాదు, ఒక వ్యక్తి. తండ్రితో, కుమారుడితో సమానంగా ఆరాధన అందుకునే వ్యక్తి. 381లో కాన్‌స్టాంటినోపుల్లో కూడిన బిషప్పుల సభ ఈ విశ్వాసాన్ని ప్రకటించింది. ఆ ఆత్మ తండ్రి నుంచి వస్తాడని అక్కడ రాసుకుంటే, తర్వాత పడమటి చర్చి "కుమారుని నుంచి కూడా" అని అర్థమిచ్చే ఒక్క లాటిన్ మాట కలిపింది. 1054లో తూర్పు, పడమర చర్చిలు విడిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ప్రూఫులు దిద్దే మనిషిగా ఈ సంగతి నన్ను బాగా పట్టుకుంది.

మన వైపు దీనికి కాస్త దగ్గరగా అనిపించేది అంతర్యామి భావన. బృహదారణ్యకోపనిషత్తులో ఉద్దాలకుడికి యాజ్ఞవల్క్యుడు చెబుతాడు: భూమిలో ఉంటూ, భూమికి తెలియకుండా, భూమినే శరీరంగా చేసుకుని లోపలినుంచి నడిపించేవాడే అంతర్యామి అని. అంతవరకు క్రైస్తవుడు కూడా ఒప్పుకోవచ్చేమో. కానీ వెంటనే "అతడే నీ ఆత్మ" అంటాడు. అక్కడ మాత్రం ఒప్పుకోలేడు. పరిశుద్ధాత్మ నాలో నివసిస్తాడు అంటాడు గానీ నేనే ఆయన అనడు. ఆ "నీ ఆత్మ" దగ్గరే శంకరులూ రామానుజులూ వేర్వేరు దారులు పట్టారు. మనలోనే ఇంత తేడా ఉంటే "పరమాత్మ" అని ఒక్క ముక్కలో తేల్చడం కుదరదు.

బెంగాల్‌కు చెందిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ అనే క్యాథలిక్ 1898లో సచ్చిదానందాన్ని త్రిత్వానికి అన్వయించి సంస్కృతంలో కీర్తన రాశారు. సత్ (ఉనికి) తండ్రి, చిత్ (చైతన్యం) కుమారుడు, ఆనందం ఆత్మ. అందమైన ప్రయత్నం, నాకు చాలా ఇష్టం. ఆయన కూడా అన్నీ ఒకటే అనలేదు. తన విశ్వాసాన్ని ఈ దేశపు మాటల్లో చెప్పుకున్నారు. ఇక బౌద్ధుల్ని అడిగితే అసలు ఆత్మే లేదంటారు, వాళ్లది అనాత్మ వాదం.

మీ స్నేహితులతో మళ్లీ ఈ చర్చ వస్తే, ఆ మాట ప్రార్థనలో ఎప్పుడు వాడతారో అడిగి చూడండి. ఆ ముస్లిం పెద్దాయన్ని నేను అలాగే అడిగాను. ఆయన ఖురాన్ పదిహేడో అధ్యాయం, 85వ వాక్యం చూపించారు. రూహ్ గురించి అడిగితే అది నా ప్రభువు ఆజ్ఞకు సంబంధించినదని చెప్పు, మీకిచ్చిన జ్ఞానం కొంచెమే అని ఉంది అందులో. "మేం అక్కడితో ఆగిపోతాం బాబూ" అన్నారు. ఆ పేజీలో దాని కింద ఇంకేమీ రాయనివ్వలేదు, సగం పేజీ ఖాళీగానే వదిలాం.