పన్నెండు గంటల డ్యూటీకి కనీస వేతనం ఎంత?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్‌లో ఓ గేటెడ్ కమ్యూనిటీలో ఏజెన్సీ తరఫున సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. నెలకు 13,500 ఇస్తారు. వారం సెలవు లేదు. కనీస వేతనాలు పెంచుతారని వార్తల్లో విని సూపర్‌వైజర్‌ని అడిగితే, ‘పెంచినప్పుడు చూద్దాం, అయినా ఈ జీతానికి ఒప్పుకునే కదా సంతకం పెట్టావు’ అన్నాడు. జీతాలు పెంచాల్సి వస్తే ఇద్దరు గార్డుల్ని తీసేసి కెమెరాలు పెట్టిస్తామని కమ్యూనిటీ ఇళ్ల యజమానుల అసోసియేషన్ వాళ్లు అనుకుంటున్నారట. ఇప్పుడు అడిగితే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాకేమైనా హక్కు ఉందా?

జవాబు: ఉంది. పెంపు కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. కనీస వేతనం ఇంకా ఎంత పెంచాలన్నది ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు తేల్చుకోవాల్సిన విషయం. ఇప్పటికే ఖరారై అమల్లో ఉన్న రేటు మాత్రం ఈ నెల మీకు రావాల్సిన డబ్బు. మీరు రాసిన వివరాలను బట్టి అదే మీకు సరిగ్గా అందడం లేదు.

ముందు లెక్క చూద్దాం. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో నెలకు ఇంత అని ఉండే కనీస వేతనం రోజుకు ఎనిమిది గంటల పనికి. మన దగ్గర ఆ మొత్తాన్ని 26తో భాగిస్తే ఒక రోజు వేతనం వస్తుంది. ఎనిమిది గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. మీ విభాగానికి బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 13,000 అనుకోండి. లెక్క తేలిగ్గా ఉండాలని తీసుకున్న అంకె ఇది. మీ జోన్‌కు, మీ కేటగిరీకి అసలు రేటు ఎంతో కార్మిక శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. 13,000 అయితే రోజుకు 500, గంటకు 62.50, ఓవర్‌టైం గంటకు 125. మీరు రోజూ నాలుగు గంటలు ఎక్కువ చేస్తున్నారు కాబట్టి దానికే మరో 500. అంటే పన్నెండు గంటల డ్యూటీ చట్టం లెక్కలో రెండు రోజుల వేతనంతో సమానం. నెలకు 26 డ్యూటీలకు 26,000 అవుతుంది. వారం సెలవు ఇవ్వకుండా చేయించుకున్న పనికి కూడా ఓవర్‌టైం రేటు తగ్గకూడదు. పన్నెండు గంటలకూ 125 చొప్పున రాత్రికి 1,500, ఆ నాలుగు రాత్రులకు మరో 6,000. ఇప్పుడు మీ చేతికొస్తున్న 13,500 పక్కన ఈ మొత్తాన్ని పెట్టి చూసుకోండి.

మధ్యలో గంట విశ్రాంతి ఇచ్చామని ఏజెన్సీ కొంత తగ్గించి చూపవచ్చు. ఆ గంటలో మీరు గేటు వదిలి వెళ్లే వీలు లేకపోతే, కారు హారన్ కొట్టగానే లేచి వెళ్లాల్సి వస్తే, అది విశ్రాంతి కాదని గట్టిగా చెప్పండి. పీఎఫ్‌లో, ఈఎస్‌ఐలో యజమాని కట్టాల్సిన వాటాను కలిపి కనీస వేతనం ఇచ్చేశామనడం కూడా చెల్లదు. మీ జీతంలోంచి కోయాల్సింది మీ వాటా మాత్రమే.

‘పెంచినప్పుడు చూద్దాం’ అన్న మాటకు వద్దాం. కనీస వేతనంలో డీఏ భాగం ధరల సూచీని బట్టి ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. దానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. వార్తల్లో నడుస్తున్నది అసలు రేటు సవరణ గురించి. అయిదేళ్లకు మించకుండా దాన్ని సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ గడువునే ఉంచింది. ఆచరణలో ఏం జరిగిందో మీ రంగంలోనే కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో సెక్యూరిటీ సర్వీసులు సహా అయిదు రంగాలకు 21 నుంచి 25 దాకా జీవోలు ఇచ్చింది. ప్రభుత్వ అధికారిక పత్రమైన గెజిట్‌లో అచ్చు కాక అవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. గెజిట్‌లో రాని రేటును యజమాని చేత కట్టించలేం. అందుకే పెంపు వార్త వినగానే జీవో నంబరుతో పాటు గెజిట్ తేదీ కూడా అడగండి. అమలు తేదీ ప్రత్యేకంగా చెప్పకపోతే నోటిఫికేషన్ వెలువడిన మూడు నెలలకు అది అమల్లోకి వస్తుంది.

ఇక సంతకం సంగతి. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేస్తానని మీరు స్టాంపు పేపరు మీద రాసిచ్చినా అది చెల్లదు. పాత చట్టంలోనూ ఇదే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఇదే ఉంది. సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో, రాజస్థాన్ కరువు పనుల మీద సంజిత్ రాయ్ కేసులో 1983లో ఒకే మాట చెప్పింది: కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుంది. ఆకలి తరుముతుంటే మనిషి పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వక అంగీకారంగా చూడలేమని దాని సారాంశం. నా దృష్టిలో మన కార్మిక చట్టంలో ఇంతకన్నా విలువైన తీర్పులు కొన్నే ఉన్నాయి.

‘మాకు గిట్టుబాటు కాదు’ అన్న వాదనకూ కోర్టులు ఎప్పుడో జవాబిచ్చాయి. కనీస వేతనం విషయంలో యజమాని స్తోమతను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని 1961లో ఉన్నిచోయి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పెంపును వ్యతిరేకించేవాళ్లు చిన్న యజమానుల ఇబ్బంది చెబుతారు. కొందరి ఇబ్బంది నిజమే, కాదనను. కానీ కనీస వేతనం లెక్క ఎక్కడ మొదలైందో చూడండి. 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు మనిషికి 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు ఆ లెక్కలో చేర్చింది. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపే డబ్బు ఈ లెక్కలో ఎక్కడా లేదు. దీన్ని కూడా ఎక్కువంటే ఎలా ఒప్పుకోగలం? రేటు పెరగాల్సిందేనని నా అభిప్రాయం. రాష్ట్రాలు అంతకన్నా తగ్గకుండా కేంద్రం ఒక కనీస హద్దు పెట్టే వీలు కొత్త కోడ్‌లో ఉంది. 2017లో కేంద్రం ఇలాంటి హద్దుగా ప్రకటించిన రోజుకు 176 రూపాయలకు చట్టబద్ధత లేదు. ఇకపై పెట్టే హద్దుకు అది ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడగండి. బకాయి కోసం క్లెయిము మీరు వేయవచ్చు, రిజిస్టరైన యూనియన్ మీ తరఫున వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ క్లెయిమును విచారించే అధికారికి ఉంది. గడువు మూడేళ్లు. 2025 నవంబరుకు ముందటి బకాయికి పాత చట్టంలోని ఆరు నెలల గడువే వర్తిస్తుందని అవతలివాళ్లు వాదిస్తారు కాబట్టి ఆలస్యానికి కారణం కూడా రాయండి. వేతనం చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన భారం కొత్త కోడ్‌లో యజమానిదే. ఏజెన్సీ ఎగ్గొడితే, ఎవరి సంస్థలో పని చేశారో వాళ్లే కట్టాలి కాబట్టి అసోసియేషన్‌ని కూడా ప్రతివాదిగా చేర్చండి.

ఎన్ని గంటలు పని చేశారో చూపించే ఆధారాలు ఇప్పుడే భద్రం చేసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్‌లో వచ్చే డ్యూటీ చార్టు సరే, గేటు దగ్గరి విజిటర్స్ రిజిస్టరుని మాత్రం మరవకండి. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చిన డెలివరీ కుర్రాడి పేరు, పొద్దున ఏడున్నరకు వచ్చిన పాలబ్బాయి పేరు మీ చేతిరాతలోనే ఉంటాయి. ఆ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మస్టర్‌లో (హాజరు పట్టీలో) మిమ్మల్ని ఎనిమిది గంటలకే చూపించినా, ఆ రాత అసలు సంగతి చెబుతుంది.

ఉద్యోగం పోతుందన్న భయం ఉత్తుత్తిదని నేను చెప్పను. కెమెరాలు పెట్టుకోవద్దని ఏ చట్టమూ అనదు. అయితే ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసేయాలంటే నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి, సర్వీసు చేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున కట్టాలి. తీసేసిన రెండు పనిదినాల్లో లెక్క మొత్తం చెల్లించాలి. ఫిర్యాదు పెట్టినందుకే తీసేస్తే దానిమీద వేరే వివాదం లేవనెత్తవచ్చు. ఒక్కరే వెళ్లకండి. పగటి డ్యూటీ వాళ్లదీ ఇదే సమస్య కదా, అందరి సంతకాలతో ఒకే ఫిర్యాదు పెట్టండి. ప్రతి ఒక్కరి పేరు ఎదుట చేరిన తేదీ, డ్యూటీ వేళలు, ఇచ్చిన జీతం, రావాల్సిన జీతం విడివిడిగా రాయండి.