మాత్రల సంచీ వెంట తెచ్చుకో

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే ఉగాదిలోగా ఇరవై కిలోలు తగ్గి తీరాలని పంతం పట్టావనీ, వారం రోజులుగా రాత్రి భోజనం మానేశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ పట్టుదలను నేను తప్పుపట్టను. అయితే షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకునే మనిషి, కంచంలో అన్నం తగ్గించే ముందే ఆ మాత్రల సంగతి డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. ఈ వరసను తలకిందులు చేసి నేను ఒకసారి అనుభవించాను.

ఐదేళ్ల కిందట నేనూ ఎవరికీ చెప్పకుండా రాత్రి తిండి మానేసి, పొద్దున షుగరుకు వాడే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుని, బీచ్ రోడ్డులో నడకకు బయలుదేరేవాణ్ణి. నాలుగో రోజు కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటేసరికి చేతులు వణికాయి, చొక్కా తడిసేంత చల్లటి చెమట పట్టింది, ఎదురుగా వస్తున్న మనిషి ఇద్దరుగా కనిపించాడు. టీ బండి అతను నా వాలకం చూసి కూర్చోబెట్టి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాడు. ఇంటికి చేరి చూసుకుంటే అప్పటికీ షుగరు 64 ఉంది; 70 కంటే దిగితేనే జాగ్రత్త పడాలంటారు. ఆ మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అనే మరో షుగరు మాత్ర ఒక్కటే వేసుకునేవారికి ఈ బెడద చాలా అరుదు. బరువు దిగేకొద్దీ బీపీ మాత్రల మోతాదు కూడా ఎక్కువైపోయి, లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు. ఏది తగ్గించాలో, ఏది ఆపాలో నిర్ణయించవలసింది డాక్టరే. నువ్వూ కాదు, నేనూ కాదు.

ఇరవై కిలోల లెక్క నీకెవరు చెప్పారో తెలియదు. నీ ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క, బీఎంఐ, 33 దాటింది. మన భారతీయులకు 25 నుంచే స్థూలకాయంగా లెక్కిస్తారు. అయినా ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం, అంటే నీకు ఐదు నుంచి తొమ్మిది కిలోల వరకు, తగ్గితే షుగరులోనూ బీపీలోనూ తేడా కనిపిస్తుంది. వారానికి అర కిలో నుంచి కిలో వరకు చాలు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

ఆహారం విషయంలో నన్ను మార్చింది డైటీషియన్ అమ్మాయి. అచ్చు వేసిన చార్టు చేతిలో పెట్టకుండా, మా ఇంట్లో అన్నం వడ్డించే గరిటెనే తెమ్మంది. పూటకు నేను నాలుగు గరిటెలు తింటున్నానని అప్పుడే తెలిసింది. అన్నం రెండు గరిటెలకు దించి, ఆ ఖాళీని పప్పుతోనూ, కానాగంత చేపల పులుసుతోనూ, కూరతోనూ నింపమంది. పొద్దున చోడి (రాగి) అంబలి మానమనలేదు, బెల్లం మానమంది. నీవి పోర్టులో రాత్రి షిఫ్టులు కనుక నీ వేళలు వేరుగా కుదర్చాలి. నా పట్టిక నీకు పనికిరాదు.

బరువు తగ్గడానికి వారానికొకటి వేసుకునే ఇంజక్షన్ల గురించి అడిగావు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ బాగానే పనిచేస్తాయి, కానీ చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచవలసినవి. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. క్లోమం వాచిన చరిత్ర ఉన్నవారూ, తమకు గానీ ఇంట్లోవారికి గానీ మెడ్యులరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారూ ముందే చెప్పాలి. మానేశాక బరువు తిరిగి వస్తుందన్న మాట కూడా మొదటే మాట్లాడుకో.

ఈ సోమవారం సెలవు పెట్టు. అందాకా రాత్రి భోజనం మానకు. నువ్వు వాడే మాత్రల అట్టలన్నీ, పాత రిపోర్టులన్నీ ఒక సంచీలో వేసుకుని తొమ్మిదింటికల్లా మా ఇంటికి రా, కలిసి వెళదాం. పరగడుపున రక్తం ఇవ్వాలేమో, ఆసుపత్రికి ముందుగా ఫోను చేసి కనుక్కో. ఇవ్వాలంటే ఆ పూట షుగరు మాత్ర సంగతి కూడా వారినే అడుగు.

ఇట్లు,
మావయ్య
విశాఖపట్నం